టాన్సిల్సు శస్త్రచికిత్స: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదను సామెత మన తెలుగువారి యిండ్లలో తరచు వినబడును. గొంతునకు చేయు చికిత్స చిన్నదిగా కనబడినను అపాయము లేనిది కాదని మన పెద్దలు ఎరుగుదురు. సుశ్రుతుడు సైతము పెరిగిన కొండనాలుకను కోయు విధమును చెప్పుచు, మితిమీరి కోసినచో నెత్తురు స్రవించి రోగి మరణింపవచ్చునని హెచ్చరించెను.

ఏటేటా మా పాఠశాలలో ఒకరిద్దరు పిల్లలు టాన్సిల్సు తీయించుకొనుటకు సెలవు చీటీ తెచ్చుచుందురు. “చిన్న ఆపరేషనే గదా” అని తల్లిదండ్రులందురు. మేము ఉపాధ్యాయులమే గాని వైద్యులము కాము. అయినను ఆ మాటను గూర్చి కొంత చెప్పదలచితిమి.

టాన్సిల్సు అనగా గొంతు ద్వారమున ఇరువైపుల నుండు మాంసపు ముద్దలు. నోటి వెంట వచ్చు క్రిములను ఎదుర్కొను కావలివాండ్రివి. బాల్యమున పెద్దవిగా నుండి, వయసుతో క్రమముగా కుంచించుకొనిపోవును. కావున అవి పెద్దవిగా నున్నంత మాత్రమున జబ్బు కాదు. ఒక సంవత్సరమున ఏడుసార్లు గాని, వరుసగా రెండేండ్లు ఏటికి ఐదుసార్లు గాని, మూడేండ్లు ఏటికి మూడుసార్లు గాని తీవ్రమైన గొంతునొప్పి వచ్చినచో శస్త్రచికిత్సను ఆలోచింపవచ్చునని వైద్యులు సాధారణముగా పాటించు కొలత. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుట మరియొక ముఖ్య కారణము. అంతవరకు రానిచో వేచి చూచుట మేలు. అయితే వేచి చూచుటయన అశ్రద్ధ కాదు. కొన్ని గొంతునొప్పులను సరిగా మాన్పనిచో రుమాటిక్ జ్వరము వచ్చి గుండె కవాటములు చెడవచ్చును. నొప్పి తగ్గినదని వైద్యుడు వ్రాసిన మందును నడుమ మానరాదు.

అవసరమును నిర్ణయించుట ఎంత కష్టమో 1934లో ప్రకటింపబడిన న్యూయార్కు పరిశీలన తెలుపును. వేయిమంది బడిపిల్లలలో 611 మందికి అప్పటికే టాన్సిల్సు తీసివేసియుండిరి. మిగిలిన 389 మందిని వైద్యులు చూచి 174 మందికి తీయవలెననిరి. అక్కరలేదన్న 215 మందిని వేరు వైద్యులకు చూపగా 99 మందికి తీయవలెననిరి. మూడవమారు చూపగా, మిగిలినవారిలోను దాదాపు సగము మందికి అదే సలహా దొరికెను! కావున రెండవ వైద్యుని అభిప్రాయము అడుగుట తప్పు కాదు.

ఇక అపాయములు. మొదటిది మత్తుమందు. 1848 జనవరి 28న ఇంగ్లాండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయుటకై ఇచ్చిన క్లోరోఫారముతో కొద్ది నిమిషములలో మరణించెను. గోరు తీయుట చిన్న పనియే. మత్తు చిన్నది కాదు. ఇట్టి మరణముల కారణమును తేల్చుటకు నిజాము ప్రభువు ప్రోత్సాహముతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు క్లోరోఫారము కమిషనులు పనిచేసెను. శ్వాసను కనిపెట్టియున్న చాలునని డాక్టరు ఎడ్వర్డు లారీ వాదించెను. కాని గుండెయే హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో లెవీ నిరూపించెను. నేడు శ్వాసను, గుండెను, నెత్తుటిలోని ప్రాణవాయువును యంత్రములు క్షణక్షణము చూపుచున్నవి. అపాయము మిక్కిలి తగ్గినది. అయినను బిడ్డకు జలుబు, ఉబ్బసము ఉన్నను, వంశములో ఎవరికైన మత్తు పడకపోయినను, నెత్తురు త్వరగా ఆగకపోయినను ముందే చెప్పవలెను. ఆకలికి తాళలేడని చాటుగా పాలు పట్టరాదు. మత్తులో అవి పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

రెండవది నెత్తురు. 2003–04లో ఇంగ్లాండు, ఉత్తర ఐర్లాండులలో 33 వేలకు పైగా రోగులను పరిశీలింపగా నూటికి మూడున్నర మందికి రక్తస్రావమైనది. ఇది తొలిదినమున రావచ్చును. లేదా పొక్కు ఊడు ఐదు మొదలు పది దినములలో రావచ్చును. పిల్లలు నెత్తురు మ్రింగివేయుదురు గనుక అది పైకి కనబడదు. నిద్రలో మాటిమాటికి గుటకలు వేసినను, నెత్తురు కక్కినను, ఉమ్మిలో నెత్తురు కనబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బెంగళూరులోని మనవారు సెలవు దొరకినదని బిడ్డను కోలారు, చిత్తూరు, అనంతపురము పల్లెలకు తీసికొనిపోవుదురు. రెండు వారములు దాటువరకు అట్లు చేయకుండుట క్షేమము.

మూడవది మన భాషకు సంబంధించినది. సమ్మతి పత్రము ఇంగ్లీషులోనో కన్నడములోనో ఉండును. చదువరాని తల్లి తల యూపి వ్రేలిముద్ర వేయును. చికిత్స స్వభావము, దాని లాభము, మరియొక మార్గము, ముఖ్యమైన అపాయములు తెలిపిన పిమ్మటనే సమ్మతి చెల్లునని 2008లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అర్థము కానిచో “తెలుగులో చెప్పింపుడు” అని అడుగుట బిడియపడవలసిన పని కాదు. తోడు కావలసిన తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చి చెప్పినచో మా ఉపాధ్యాయులలో ఒకరు వెంట వత్తురు.

శస్త్రచికిత్సకు భయపడుమని మేము చెప్పుట లేదు. అవసరమైనచోట అది బిడ్డకు నిద్రను, చదువును, ఆరోగ్యమును తిరిగి యిచ్చును. ఎందుకు చేయుచున్నారు, చేయకున్న నేమగును, మత్తు ఎవరిత్తురు, రాత్రివేళ నెత్తురు వచ్చిన ఎక్కడికి రావలెను? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిసికొనిన పిమ్మటనే సంతకము చేయుడని మాత్రమే మా మనవి.