వార్తల్లో పదం: అప్‌సెట్

గెలుపు ఖాయమని అందరూ లెక్కగట్టిన జట్టును అనామక జట్టు ఓడిస్తే అది అప్‌సెట్. అమెరికా క్రీడా వార్తల్లో మార్చి నెలంతా మోగే మాట. అప్పుడు జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో ఒక్కో విభాగంలో జట్లకు బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా సీడింగ్ ఇస్తారు. పురుషుల పోటీల్లో 1985 నుంచి 16వ సీడ్ జట్లు టాప్ సీడ్ల చేతిలో వరసగా 135 మ్యాచ్‌లు ఓడాయి. 2018లో ఆ వరసను తెంచుతూ మేరీలాండ్‌కు చెందిన యూఎంబీసీ 74-54తో వర్జీనియాను చిత్తు చేసింది. 2023లో ఫెర్లీ డికిన్సన్ పర్‌డ్యూను ఇంటికి పంపింది.

అంతా అదృష్టమేనంటే సగమే నిజం. ఇక్కడ ఒక్క ఓటమితో కథ ముగుస్తుంది. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లోలా ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఉంటే బలమైన జట్టు తేరుకునేది. ఆట 40 నిమిషాలే, కోర్టులో ఐదుగురే. ఇద్దరికి ఆ రాత్రి మూడు పాయింట్ల షాట్లు పడితే చాలు, అంచనాలు తారుమారు.

అమెరికన్ ఫుట్‌బాల్ అలా కాదు. దాడికి 11 మంది, రక్షణకు వేరే 11 మంది, వెనుక రిజర్వులు. చాలా ఏళ్లపాటు పెద్ద కాలేజీలకు 85 స్కాలర్‌షిప్పులు, కింది శ్రేణికి 63. చివరి క్వార్టర్‌కు చిన్న జట్టు అలిసిపోతుంది. అందుకే 2007లో మిషిగన్‌పై అపలాచియన్ స్టేట్ 34-32 గెలుపును ఇప్పటికీ చెప్పుకుంటారు.

మహిళల బాస్కెట్‌బాల్‌లోనూ సంచలనాలు అరుదే. మేటి క్రీడాకారిణులు కొన్ని కాలేజీల్లోనే పోగవుతారు. పైగా అగ్రశ్రేణి 16 జట్లకు తొలి రెండు రౌండ్లు సొంతగడ్డపైనే. 2025 వరకు అక్కడ 16వ సీడ్ టాప్ సీడ్‌ను ఓడించింది ఒక్కసారే: 1998లో స్టాన్‌ఫర్డ్‌పై హార్వర్డ్. అప్పుడూ స్టాన్‌ఫర్డ్ ప్రధాన క్రీడాకారిణులిద్దరు మోకాలి గాయాలతో బెంచీకే పరిమితమయ్యారు.