సావిత్రి మధురవాణి, గురజాడ మధురవాణి

మా ఆదోని స్నేహితుల్లో ‘కన్యాశుల్కం’ మాటెత్తితే ముందు గుర్తొచ్చేది సావిత్రి. 1955లో పి.పుల్లయ్య తీసిన సినిమాలో మధురవాణి ఆమే, గిరీశం ఎన్టీఆర్. నాకూ సావిత్రంటే ప్రాణం. అయినా పుస్తకానికే నా ఓటు. 1892లో తొలిసారి ఆడిన నాటకాన్ని గురజాడ 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారు. మధురవాణి నిజంగా ఎదిగింది అందులోనే.

సినిమాలో ఆమె శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లోని కవిత పాడుతుంది. గురజాడ పోయింది 1915లో, ఆ పుస్తకం అచ్చయింది 1950లో. కాలం కుదరకపోయినా మధురవాణి మనసుకు ఆ కవిత బాగా అతికింది.

తెర మీద తగ్గిపోయింది మాటల విందు. ఎమ్మిగనూరులో మా చిన్నమ్మకు విజయనగరం యాస మొదట కొరుకుడు పడలేదు. మగ్గం పక్కన కూర్చుని రామప్పంతులు, మధురవాణి మాటలు పైకి చదివాను. నాడె ఆపేసి, ‘ఇంగోసారి సదువు నాయనా’ అంది.