నోరులేని జీవుల నొప్పి

చోడవరానికి చేరువలో వడ్డాది అనే ఊరున్నది. 2022 వరకు విశాఖపట్టణం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. చెరకు, వరి పండే ఈ ప్రాంతపు రైతుకు ఎద్దు, ఆవు, గేదె గొప్ప ఆస్తి. ఎద్దు మేత ముట్టనినాడు రైతు దాని వాలకం చూచి, “దీనికెక్కడో బాధగా ఉంది” అంటాడు. పశువైద్యుని పరీక్ష కూడా అక్కడే మొదలవుతుంది. నోరు విప్పి చెప్పలేని జీవి బాధను ఆయన ఎట్లా కనిపెడతాడు? ఎట్లా తగ్గిస్తాడు?

ముందుగా నొప్పి ఎట్లా కలుగుతుందో చూద్దాము. గాయమైనచోట కణాలు దెబ్బతిని కొన్ని రసాయన పదార్థాలు విడుదలవుతాయి. అవి అక్కడి నరాల కొనలను రేపుతాయి. ఆ వార్త నరం వెంట వెన్నుపాముకు, అక్కడినుండి మెదడుకు పోతుంది. మెదడుకు చేరినప్పుడే అది నొప్పిగా అనుభవానికి వస్తుంది. మనిషిలోను, ఆవులోను, కుక్కలోను ఈ ఏర్పాటు దాదాపు ఒకే విధంగా ఉంటుంది. కనుక మాటలేని జీవికి నొప్పి తక్కువ అనుకొనుట పొరపాటు. గాయం, నరం, వెన్నుపాము-మెదడు అనే ఈ మూడు మజిలీలలో ఎక్కడో ఒకచోట వార్తను ఆపుటయే నొప్పి మందుల పని.

మేతమేసే జంతువులు బాధను దాచుకొంటాయి. అడవిలో కుంటుతూ కనిపించిన జంతువునే క్రూరమృగం ముందుగా పట్టుకొంటుంది గదా! అందుచేత వైద్యుడు చిన్న గుర్తులను కూడా విడువడు. నెమరు తగ్గుట, పళ్ళు కొరుకుట, నడుము వంచి నిలబడుట, చెవులు వెనుకకు వాల్చుట, మందకు ఎడంగా ఉండుట, పాలు తగ్గుట, కాలితో పొట్టను తన్నుకొనుట - ఇవన్నీ బాధకు గుర్తులే.

శస్త్రచికిత్స అవసరమైతే నరం దగ్గరనే నొప్పిని ఆపుతారు. మనదేశపు ఎద్దులలో కనిపించే కొమ్ము కేన్సరునే తీసుకోండి. కొమ్ము ఒకవైపు వాలుతుంది. పశువు తల విదిలిస్తుంది. అప్పుడు కొమ్మును మొదలంటా తీసివేయవలసి వస్తుంది. కంటి వెలుపలి కొననుండి కొమ్ము మొదటి వరకు ఎముక గట్టు ఒకటి ఉంటుంది. కొమ్ముకు పోయే ముఖ్యమైన నరం దాని వెంటనే సాగుతుంది. వైద్యుడు ఆ దారి మధ్యలో లిగ్నొకెయిన్ మందును సూదితో ఎక్కిస్తాడు. అవసరమైతే కొమ్ము చుట్టూ కూడా ఎక్కిస్తాడు. ఈ మందును 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. ఇది సోడియం అయానులు నరంలోనికి ప్రవేశించకుండా అడ్డుతుంది. వార్త అక్కడనే నిలిచిపోతుంది. కొన్ని నిమిషాల తరువాత చర్మాన్ని సూదితో గుచ్చి, పశువు కదలకపోతేనే కత్తి పట్టుకొంటాడు.

ఈనేటప్పుడు కష్టమైన ఆవుకు తోక మొదట వెన్నుపూసల సందున ఇదే మందు ఇస్తారు. తోకను పైకీ క్రిందికీ ఆడిస్తే ఆ సందు వేలికి తగులుతుంది. మందు పనిచేయగానే తోక వ్రేలాడుతుంది. మోతాదు మించితే వెనుక కాళ్ళు పట్టుతప్పి ఆవు కూలబడుతుంది.

పశువును పూర్తిగా నిద్రపుచ్చవచ్చును గదా అని విద్యార్థులు అడుగవచ్చు. నెమరువేసే పశువు పొట్టలో మేత పులుస్తూ వాయువు పుడుతూనే ఉంటుంది. మత్తులో పడుకొన్న పశువుకు ఆ వాయువు బయటకు రాక పొట్ట ఉబ్బుతుంది. మేత గొంతులోనికి వచ్చి ఊపిరితిత్తులలోకి జారే ప్రమాదమూ ఉన్నది. అందుకే నిలబెట్టి చేయగల చికిత్సలను నిలబెట్టియే చేస్తారు.

వాపుతో కూడిన నొప్పికి మరొక తరగతి మందులున్నవి. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు గాయంవద్ద నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ వంటి మందులు వాటి తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పశువులకు వాడే మెలాక్సికం ఈ తరగతిదే.

ఈ తరగతిలోని డైక్లోఫినాక్ మనకు ఒక గుణపాఠం నేర్పింది. అది పశువుకు ఉపశమనమిచ్చేది. కాని మందు తీసుకొని చనిపోయిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయేవి. 2004లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టేనాటికే మనదేశంలో రాబందులు దాదాపు అంతరించే స్థితికి వచ్చినవి. 2006లో భారత ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా నిషేధించింది. మెలాక్సికం రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలింది. ఒక జీవి నొప్పి తీర్చే మందు మరొక జీవికి ప్రాణాంతకం కారాదు.

అందుచేత మందును ఎన్నుకొనే పని వైద్యునిదే. మనం జ్వరానికి మింగే పారసిటమాల్ పిల్లిని చంపగలదు. దానిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. పాడిపశువుకు మందు ఇచ్చిన తరువాత ఎన్నాళ్ళు పాలు వాడరాదో కూడా వైద్యుని అడిగి తెలుసుకోవలెను. కుంటుతున్న ఎద్దుకు వాతలు పెడితే కాలి జబ్బు పోదు. పాత బాధకు కొత్త గాయం తోడవుతుంది.

గుర్తులను ముందుగా చూడగలిగేది రోజూ మేతవేసే ఇంటివారే. పల్లె విద్యార్థులు తమ పశువు ఎంతసేపు నెమరువేస్తున్నదో, ఎట్లా నిలబడుతున్నదో ఒక వారంపాటు వ్రాసిపెట్టుకొంటే ఆరోగ్యంగా ఉన్నప్పటి తీరు తెలుస్తుంది. అది మారిననాడు చెప్పే మొదటి మాట వైద్యునికి సగం పరీక్షతో సమానం.