నీళ్లను వేడెక్కించే పెట్టె

కొయ్యూరు నుంచి పాడేరు, అరకు దాకా మన్యంలో ఏ దారిన పోయినా బొంగులో చికెన్ మాట వినబడుతుంది. మసాలా పట్టించిన కోడిమాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. అంత సెగలోనూ బొంగు భగ్గున అంటుకోకపోవడానికి కారణం పచ్చి వెదురులోని నీరు. ఆ నీరూ, మాంసంలోని నీరూ ఉన్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మాంసం తన ఆవిరిలో తానే ఉడుకుతుంది.

పట్నం వంటిళ్లలోని మైక్రోవేవ్ ఒవెన్‌కూ ఆధారం నీరే. అయితే దాన్ని పుట్టించింది వంటవాళ్లు కాదు, యుద్ధం.

1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ అనే ఇద్దరు ఒక రాగి దిమ్మలో గుండ్రంగా ఆరు గదులు తొలిచారు. మధ్యలో కాథోడ్ పెట్టారు. దాన్నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు అయస్కాంతం ప్రభావంతో వంపు తిరుగుతూ గదుల మూతుల ముందునుంచి సాగుతుంటే, గదుల్లో విద్యుత్ కంపనాలు రేగి సుమారు పది సెంటీమీటర్ల పొడవున్న రేడియో తరంగాలు వెలువడ్డాయి. అదే కేవిటీ మాగ్నెట్రాన్. అంత చిన్న తరంగాన్ని అంత బలంగా అప్పటిదాకా ఎవరూ పుట్టించలేకపోయారు. విమానంలో పట్టేంత చిన్న రాడార్ దానితోనే సాధ్యమైంది. అదే ఏడాది బ్రిటన్ ఈ రహస్యాన్ని అమెరికా చేతిలో పెట్టింది.

అక్కడ రేథియాన్ కంపెనీలో మాగ్నెట్రాన్ల తయారీని చూస్తున్నవాడు పెర్సీ స్పెన్సర్. పెద్ద చదువులు లేవు, నౌకాదళంలో రేడియో పని నేర్చుకున్నాడు. 1945లో పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా జేబులోని మిఠాయి కరిగిపోయింది. అది చాక్లెటా, వేరుశనగ పాకమా అన్న తగువు ఇంకా తెగలేదు. నాకు ముచ్చటగొలిపేది ఆ తర్వాతి సంగతి. జేబు పాడైందని విసుక్కుని ఊరుకోకుండా మొక్కజొన్న గింజలు తెప్పించి అక్కడ పెట్టాడు, అవి పేలాలయ్యాయి. కోడిగుడ్డు పెట్టి చూస్తే అదీ పేలింది. అక్టోబరులో పేటెంటుకు దరఖాస్తు వెళ్లింది, 1950లో మంజూరైంది. ఈలోగా 1947లో అమ్మకానికొచ్చిన రాడారేంజ్ అనే ఒవెన్ మనిషెత్తున, 340 కిలోల బరువుతో ఉండేది. చల్లబరచడానికి నీటి గొట్టం కలపాల్సిందే. హోటళ్లు, ఓడలు తప్ప ఇంకెవరు కొంటారు! 1967లో అమానా కంపెనీ 495 డాలర్లకు బల్లమీద పట్టే ఒవెన్ తెచ్చాకే అది ఇళ్లలో విరివిగా అడుగుపెట్టింది.

ఇంతకీ ఆ తరంగం చేసే పనేమిటి? నీటి అణువుకు ఒక కొస ధనావేశం, మరో కొస రుణావేశం. ఒవెన్‌లో విద్యుత్ క్షేత్రం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంటే అణువులు దానితోపాటు తిరగబోయి పక్కవాటిని రాసుకుంటాయి, ఆ రాపిడే వేడి. నీటిని అన్నిటికంటే బలంగా కుదిపేది ఈ తరంగమే అనుకుంటారు గానీ, కాదు. అలాంటిదే అయితే శక్తంతా పైపొరలోనే ఇంకిపోయేది. నీరు కొంచెం కొంచెంగా పీల్చే తరంగం గనుకనే రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి దిగుతుంది. విశాఖ కైలాసగిరి మీది వాతావరణ రాడార్ తరంగాలూ ఇంచుమించు ఇదే కొలత. అవి వాన తెరను చీల్చుకుని మన్యం మీది మబ్బును చూసి రాగలగడం కూడా ఇందువల్లే.

రెండు మూడు సెంటీమీటర్లు అన్నాం కదా. అంటే లోపలినుంచి ఉడుకుతుందన్న మాట వట్టిది. దళసరి ముక్క నడిమికి వేడి చేరాలంటే చుట్టూ ఉన్న వేడి పాకాల్సిందే. పైగా పెట్టె గోడలకు తగిలి తిరిగొచ్చిన తరంగాలు ఒకచోట కూడి మరోచోట రద్దవుతాయి కనుక, ఆరేసి సెంటీమీటర్ల ఎడంలో కుతకుతలాడే చోటూ చల్లటి చోటూ ఉంటాయి. పళ్లెం తిరిగేది అందుకే. బొంగును తిప్పే చేతికి ఈ లెక్కలు అక్కర్లేదు, పని మాత్రం అదే.

కాబట్టి కోడిమాంసాన్ని ఒకే సైజు ముక్కలుగా కోసి, గాజు లేదా పింగాణీ గిన్నెలో అంచు వెంబడి పరిచి, కాస్త నీళ్లు చిలకరించి, ఆవిరి పోయే సందు ఉంచి మూత పెట్టాలి. సగంలో తీసి కలపాలి. ఆపాక మూత తియ్యకుండా కొద్ది నిమిషాలు వదిలేస్తే వేడి నడిమికి పాకుతుంది. ముక్క మధ్యలో 74 డిగ్రీలు దాటితేనే సూక్ష్మజీవుల భయం తీరినట్టు. నిప్పుల వాసన మాత్రం ఆశించకండి. నీరున్నచోట వేడి 100 దాటదు, దాటకపోతే ఎర్రగా కాలదు. బొంగు రుచిలో సగం ఆ పొగదే.

పనసపిక్కలు వెయ్యాలంటే ముందు గాటు పెట్టండి. పెట్టకపోతే తొక్క కింద ఆవిరి బిగుసుకుని స్పెన్సర్ గుడ్డులాగే పేలతాయి. పసిపిల్లల పాలు ఇందులో కాచకూడదు, సీసా గోరువెచ్చగానే ఉన్నా లోపల ఒకచోట పాలు మరిగిపోతూ ఉండొచ్చు. మధ్యాహ్నం వండి బయటే వదిలేసిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విషం కక్కితే, రాత్రి ఎంత వేడి చేసినా అది విరగదు. ఖాళీ పెట్టెను నడిపితే పీల్చుకునే నీరు లేక శక్తి తిరిగి మాగ్నెట్రాన్ మీదే పడుతుంది. తలుపు వంకరపోయినా, దాని జాలీ చిరిగినా వాడకం ఆపెయ్యాలి.

గడ్డకట్టిన మాంసంతో ఇంకో చిక్కుంది. మంచు ఈ తరంగాల్ని దాదాపు పీల్చదు, కరిగిన నీరు బాగా పీలుస్తుంది. అంచు ఉడికిపోతుంటే నడుమ రాయిలా ఉంటుంది. తక్కువ పవర్‌లో కరిగించి వెంటనే వండెయ్యాలి. వానాకాలం కొండల్లో కరెంటు మధ్యలో పోతే, సగం ఉడికిన కోడిని మళ్లీ వచ్చేదాకా అలాగే ఉంచకుండా పొయ్యి మీదికి ఎక్కించండి.