ప్రకృతి పోసిన గాజు

మన యిండ్లలో ఒక నగను చేతబట్టి చూచి "ఇది రాయి కాదమ్మా, గాజు" అని కంసాలి అన్నచో ఆ మాటతో దాని కథ ముగిసినట్లే. అది పెట్టె అడుగునకు పోవును. పిల్లల బొమ్మల పెండ్లికి మాత్రము పైకి వచ్చును. గాజు అనగా మనుష్యుడు కొలిమిలో కరగించి పోసినది, కావున చవుక అని మన తలపు. అయితే ఏ మనుష్యుని కొలిమిలోను పుట్టని గాజురాళ్ళు కొన్ని లోకములో కలవు. వానిని నగలలో పొదిగి ధరించు వాడుక పడమటి దేశములందు చాలకాలముగా నున్నది. పిల్లలు విదేశములకు పోయి వచ్చుచున్న యీ దినములలో అవి మన యిండ్లకును చేరుచున్నవి. చేరినవానిని కాపాడు పద్ధతి మాత్రము వానితోపాటు రాలేదు. ఆ పద్ధతి తెలియక నేను చేసిన పొరపాటే ఈ ప్రసంగమునకు కారణము.

కొన్నేండ్ల క్రిందట మా అక్కయ్య కుమార్తె ప్రాగ్ నగరమున ఉద్యోగమున చేరినది. మొదటిసారి సెలవులకు వచ్చినపుడు తన జీతముతో కొన్న పతకమొకటి తెచ్చి అమ్మమ్మ మెడలో వేసినది. వెండికట్టులో నాచురంగు రాయి, చింతగింజకంటె కొంచెము పెద్దది. దీపమునకు ఎదురుగా పట్టినచో లోపల సన్నని బుడగలు, తేనెతీగవలె మెలికలు తిరిగిన చారలు కనిపించును. మా అమ్మ దానిని తీయకుండ ధరించెడిది. పసుపు, గంధము, కొబ్బరినూనె, చెమట అన్నియు చేరి ఏడాదికి రాయి మసకబారినది. సంక్రాంతి ముందు "దీన్ని కాస్త కడిగిపెట్టవే" అని నా చేతికిచ్చినది. మా యింట బంగారమును కడుగు తీరున నేను దానిని కడిగితిని. పొయ్యిమీద మరగిన కుంకుడురసములో వేసి, కొంతసేపటికి తీసి, చల్లని కుళాయినీటి క్రింద పట్టితిని. గాజుల చేయి గోడకు తగిలినపుడు వచ్చునంత చిన్న చప్పుడు వినవచ్చినది. రాయిలో వెంట్రుకవంటి బీట యొకటి ఒక అంచునుండి నడిమివరకు పరచుకొన్నది. అది చాలదన్నట్లు, అంతకుముందే వెండి తెల్లబడవలెనని విభూతితో రుద్దియుంటిని. రాతి ముఖముపై మెరుపు పోయి మబ్బు కమ్మినది.

ఆ రాయి పేరు మోల్డవైట్. చెక్ దేశములో వ్లతావా అను నది కలదు. జర్మనులు దానిని మోల్దౌ అందురు. ఆ నది పేరే రాతికి వచ్చినది. దాని పుట్టుక తెలిసిన తరువాత నా పొరపాటునకు నాకు మరింత బాధ కలిగినది. జర్మనీలోని బవేరియా సీమలో రీస్ అను గుండ్రని పల్లమున్నది. అడ్డము ఇంచుమించు 24 కిలోమీటర్లు; నోర్డ్‌లింగెన్ అను పట్టణము దానిలోనే యున్నది. చిరకాలము దానిని అగ్నిపర్వతపు నోరనియే చాలమంది తలచిరి. 1960లో షూమేకర్, చావో అను శాస్త్రజ్ఞులు అచటి రాతిలో, మహాపీడనమున పుట్టు కోయిసైట్ అను ఖనిజమును కనుగొని, ఆకాశమునుండి పడిన శిల వలన ఏర్పడిన పల్లమని నిరూపించిరి. అది దాదాపు 1 కోటి 48 లక్షల సంవత్సరములనాటి మాట. ఆ తాకిడికి నేలపై నున్న ఇసుకయు మన్నును కరగి, తుంపరలై ఎగిరి, గాలిలోనే గడ్డకట్టి, వందల కిలోమీటర్ల దూరమున బొహీమియా, మొరావియా సీమలపై రాలినవి. ఆ తుంపరలలో ఒకటి మా అమ్మ మెడలోనికి వచ్చినదన్నమాట. ఇట్టి రాళ్ళకు 1900లో సూయెస్ అను భూగర్భశాస్త్రవేత్త టెక్టైట్లని పేరు పెట్టెను. గ్రీకు భాషలో కరగినదని దాని అర్థము.

ఈ జాతిలో నగలకు వచ్చునవి మరి రెండు కలవు. అగ్నిపర్వతము కక్కిన ద్రవము స్ఫటికములుగా పేరుకొనుటకు వ్యవధి లేక గడ్డకట్టినచో నల్లని అబ్సిడియన్ అగును. రెండవది ఈజిప్టు పడమటి ఎడారి ఇసుకలో దొరకు లేత పసుపురంగు గాజు. దాని వయస్సు సుమారు 2 కోట్ల 90 లక్షల సంవత్సరములు. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టూటంఖామున్ సమాధిలో ఒక పతకము నడుమ పేడపురుగు ఆకారమున చెక్కిన పసుపురాయి యున్నది. దానిని ఏదో స్ఫటికజాతి రాయి యనుకొనిరి. 1990ల చివర పరీక్షించి ఎడారిగాజని తేల్చిరి. మూడువేల మూడువందల యేండ్లు అది చెక్కుచెదరక యుండుటకు కారణము వెదకనక్కరలేదు. అంతకాలము దానిని ఎవ్వరును కడుగలేదు, తుడువలేదు, మరియొక నగతో కలిపి పెట్టెలో కుదుపలేదు.

ఇక అసలు విషయము. పచ్చ, కెంపు, నీలము స్ఫటికములు. వానిలో అణువులు బారులు తీరి యుండును. గాజులో ఆ బారు లేదు. ద్రవముగా నున్నపుడు ఎట్లు కలగాపులగముగా నున్నవో, చల్లారిన తరువాతను అణువులట్లే నిలిచిపోయినవి. స్ఫటికములలో కొన్ని ఒక నియతమైన తలము వెంబడి చీలును. గాజు ఏ వైపునకైనను పగులును. పగిలిన తావు గుల్లచిప్పవలె వంపు తిరిగి, అంచు కత్తివలె నుండును. ప్రాచీనులు అబ్సిడియన్‌తో కత్తులు, బాణపుమొనలు చేసికొన్నది ఈ గుణము వలననే. అదే గుణము నగలో దోషమగును. సానపట్టిన రాతి అంచు గచ్చుపై ఒకమారు తగిలిన చాలును, చిన్న పెచ్చు లేచిపోవును.

వేడి సంగతి ఇంకను ముఖ్యము. గాజు వేడిని త్వరగా లోపలికి పోనీయదు. వేడిరాతిని చన్నీట ముంచినపుడు పైపొర వెంటనే ముడుచుకొన జూచును. లోపలి భాగము ఇంకను వేడిగా నుండి ముడుచుకొనదు. ఆ లాగుడుకు పైపొర చిట్లును. అందులో మోల్డవైట్ గాలిలో త్వరత్వరగా చల్లారినది కావున దాని లోపల పుట్టుకనుండియే కొంత బిగువు మిగిలి యుండును. బుడగ యున్నచోట, తీగెవంటి చార యున్నచోట ఆ బిగువు పగులుగా మారుటకు సందు చూచుచుండును. ఎడారిగాజు నూటికి 98 పాళ్ళు సిలికా యగుటచే వేడికి అంతగా వ్యాకోచింపదు. అయినను దానిని మరగబెట్టి చూడవలసిన అవసరము ఎవరికిని లేదు.

మూడవది గట్టితనము. రాళ్ళ గట్టితనమును 1 నుండి 10 వరకు లెక్కించు మోస్ కొలతలో వజ్రము 10, కెంపు 9. మోల్డవైట్, అబ్సిడియన్ 5, 6 నడుమ నుండును. వీధిదుమ్ములో కలిసియుండు ఇసుకరేణువు 7. అనగా మనము పమిటచెంగుతో పొడిగా తుడుచునపుడు ఆ దుమ్మే ఆకురాయివలె పనిచేయును. పిడకల బూడిదయందు గడ్డినుండి వచ్చిన సిలికా రేణువులుండును. పండ్లపొడిలోను, పేస్టులోను మెరుగుపెట్టు పొడి యుండును. మన పెద్దలు వెండికి వాడినవన్నియు వెండివరకు సరియే. గాజురాయి పొదిగినచో ఆ విద్య అచ్చట చెల్లదు.

కడుగుటకు ముందు నగను తిరగవేసి చూడవలెను. రాయి వెనుక తెరపిగా నుండి, సన్నని వెండిగోళ్ళు దానిని పట్టుకొనియున్నచో నీట ముంచవచ్చును. వెనుక మూసియున్నను, రాయి జిగురుతో అంటించినదైనను ముంచరాదు. నీరు లోపలికి దూరినచో జిగురు వదలును, వెనుక పెట్టిన మెరుపురేకు నల్లబడును. మన కుందనపు నగలకును ఇదే భయము కలదని మీరెరుగుదురు. అట్టివానిని తడిపి బాగుగా పిండిన మెత్తని గుడ్డతో అద్ది, వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను. రుద్దరాదు.

ముంచదగినదైనచో కుళాయి జోలికి పోక గిన్నె తీసికొనుడు. గిన్నె అడుగున మడతపెట్టిన గుడ్డ పరచినచో రాయి జారినను దెబ్బ తగులదు. గదిలో రాయి ఎంత వెచ్చగా నున్నదో నీరును అంతే యుండవలెను. వేసవి మధ్యాహ్నము మన మేడమీది ట్యాంకులనుండి వచ్చు నీరు చేయి కాలునంత వేడిగా నుండును. కావున గిన్నెలో పట్టి గంటసేపు ఉంచి వాడుట మేలు. అందులో పసిపిల్లల షాంపూ రెండు చుక్కలు చాలును. కుంకుడుకాయయే కావలెనన్నచో వాడవచ్చును, దానిలో దోషము లేదు. దోషమంతయు నా పొయ్యిది. కాయలను ముందునాడు నానబెట్టి, చల్లని రసమును పలుచని గుడ్డలో రెండుమార్లు వడగట్టి, పిప్పియు గింజ తునకలును రాకుండ చూచికొనవలెను. నగను అయిదు నిమిషములు నాననిచ్చి, పసిపిల్లల పండ్ల బ్రష్షుతోనో, బొమ్మలు వేయు మెత్తని కుంచెతోనో మెల్లగా తాకుచు మురికి వదలింపవలెను.

సానపట్టని మోల్డవైట్ నగలకు ఇచ్చట మరికొంత ఓర్పు కావలెను. లక్షల యేండ్లు మన్నులో నుండి, ఆ మన్నులోని నీరు కొరికివేయగా ఆ రాళ్ళపై గాడులు, ముళ్ళు ఏర్పడి ఫెర్న్ ఆకువలె కనిపించును. వాని అందమంతయు ఆ గాడులే, మురికి చేరునదియు అందులోనే. సూదితో గెలుకరాదు, ముల్లు విరిగినచో మరల రాదు. ఒకనాటికి వదలని మురికిని మరునాడు మరల నానబెట్టి వదలించుట మంచిది. కుంకుమ మాత్రము మొండిది, రెండు మూడు దినములు పట్టును. గాడులలో బంకమన్ను మిగిలియున్నచో అది మురికి కాకపోవచ్చును; ఆ రాయి వచ్చిన పొలముదై యుండవచ్చును. అట్టిదానిని నేనైతే ఉండనిత్తును.

అదే వెచ్చదనము గల మంచినీటిలో రెండుమార్లు జాడించి, ఉతికిన మల్లుగుడ్డపై రాత్రియంతయు ఆరనీయవలెను. ఎండలో పెట్టుట, జుట్టు ఆరబెట్టు యంత్రమును చూపుట వలదు.

బట్టలసోడా, అమ్మోనియా వంటి క్షారములు గాజుకు హితములు కావు. తుప్పు వదల్చు ద్రవములలో కొన్నింటియందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముండును. అది గాజును తినివేయును, చేతిని అంతకంటె ఘోరముగా తినును. వెండి నల్లబడినచో వెండి తుడుచు గుడ్డను వ్రేలికి చుట్టి, రాతిని తాకకుండ లోహమును మాత్రమే తుడువవలెను.

దుకాణములో నగలు శుభ్రపరచు యంత్రములు కొన్ని నీటిలో సూక్ష్మమైన అదురు పుట్టించి మురికి వదల్చును. కొన్ని ఆవిరి చిమ్మును. రెండును ఈ రాళ్ళకు తగవు. గొలుసు కొంకి తెగి అతుకువేయించునపుడు ముందుగానే చెప్పి, రాయిని ఊడదీసియో, ఆ భాగమును గొలుసునుండి వేరుచేసియో మంట పెట్టించవలెను. పచ్చరాయి కనుక పచ్చయే యనుకొని పనివాడు తన అలవాటు ప్రకారము కానిచ్చును. చెప్పకపోవుట మన తప్పగును.

భద్రపరచుటలో సూత్రమొక్కటే: రాతికి రాయి తగులరాదు. మన భరిణెలలో వజ్రపు ముక్కుపుడక, కెంపుల కమ్మలు, పగడాలదండ అన్నియు ఒకదానిమీద నొకటి పడియుండును. బీరువా తలుపు వేసిన ప్రతిమారు అవి ఒకదానినొకటి గీచికొనును. ఆ తగవులో ఓడునది ఎప్పుడును గాజే. కావున ప్రతి నగకును వేరువేరు మెత్తని గుడ్డసంచి కుట్టవలెను. కమ్మలజత యైనచో రెండింటిని ఒకే సంచిలో వేయక విడివిడిగా చుట్టవలెను. గొలుసు రాతిపై పడకుండ సంచి బయటకు తీసి కట్టవచ్చును. రబ్బరుపట్టీ వేయరాదు, దానిలోని గంధకము వెండిని నల్లపరచును. సముద్రతీరపు ఊళ్ళలో తేమ యెక్కువ గనుక మందుసీసాలలో వచ్చు సిలికాజెల్ పొట్లమొకటి పెట్టె మూల నుంచినచో వెండికి మేలు. లాకరులో పెట్టునపుడు సంచిపై "గాజురాయి, వేడినీరు వలదు" అని చీటి కుట్టుడు. ఆ సంచి ఏ చేతికి చేరునో మనమెరుగము.

ధరించుటలో, అత్తరు పౌడరు అయిన తరువాత చివరను వేసికొని, ఇంటికి రాగానే మొదట తీయుట మంచిది. ఉంగరముగా ఈ రాళ్ళు నాకు నచ్చవు. అంట్లగిన్నెకు, తలుపు గడియకు, బస్సు కడ్డీకి తగులు వ్రేలిమీద గాజు ఎంతకాలము నిలుచును? పతకమైనచో తగులుటకు గుండె తప్ప మరేమియు లేదు.

బీటను అతికించు ఉపాయము కొరకు ఇద్దరు ముగ్గురిని అడిగితిని. జిగురు ఎక్కించినచో బీట కనబడకుండ చేయవచ్చును గాని రాయి మునుపటి రాయి కాదని ఒక పనివాడు నిజము చెప్పెను. మా అమ్మకు చూపి, పిల్లకు ఏమని వ్రాయుదునని అడిగితిని. ఆమె దానిని వెలుగునకు పట్టి చాలసేపు చూచి, "ఆకాశంనుంచి పడ్డప్పుడు ఇన్ని దెబ్బలు తిన్నది, నీదీ ఒకటి. ఉన్నదున్నట్టు రాయి" అని మెడలో వేసికొన్నది. అట్లే వ్రాసితిని. ఇప్పుడు రెండు నెలలకొకమారు, ఉదయపు వెలుగులో కిటికీ దగ్గర భూతద్దముతో ఆ బీటను చూచుచున్నాను. కొన ఎక్కడ నున్నదో ఒక కాగితముపై రాతి బొమ్మ వేసి గుర్తుపెట్టియుంటిని. ఇంతవరకు అది గుర్తు దాటలేదు.