భాగం మార్చారు సరే, మంట భయం పోయిందా?

అమెరికాలో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, పాతదాన్ని ఊళ్లో మేనల్లుడికో అన్నయ్య కూతురికో ఇచ్చిరావడం మన నెల్లూరు వాళ్లలో చాలామందికి అలవాటు. చెన్నైలో దిగి కారెక్కితే ఆ పూటకే అది ఇల్లు చేరుతుంది. కంపెనీ దగ్గర ఉండే ఈమెయిలు, చిరునామా మాత్రం మొదట కొన్నవారివే. అందుకే ఆ యంత్రంలో లోపముందని కంపెనీ రీకాల్ ప్రకటిస్తే, ఆ కబురు ఎడిసన్‌కో డాలస్‌కో వస్తుంది. నెల్లూరులో దాని ముందు కూర్చుని చదువుకుంటున్న పిల్లకు చేరదు.

2019 జూన్‌లో ఆపిల్ అలాంటి ప్రకటనే చేసింది. 2015 సెప్టెంబరు నుంచి 2017 ఫిబ్రవరి దాకా అమ్మిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో కొన్నింటి బ్యాటరీలు విపరీతంగా వేడెక్కి అంటుకోవచ్చని, వాటిని ఉచితంగా మారుస్తామని చెప్పింది. ఒక్క అమెరికాలోనే అలాంటివి 4,32,000. బ్యాటరీ మార్పించుకునేదాకా వాటిని విమానంలో తేవొద్దని ఆగస్టులో మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రయాణికులను కోరింది.

మార్పించుకున్నాక నిశ్చింతగా ఉండవచ్చా? కొత్త భాగం వచ్చిందన్న ఒక్క కారణంతో ఉండకూడదని నా అభిప్రాయం. పాత భాగం ఎందుకు కాలిందో కంపెనీ తేల్చిందా, ఆ కారణం కొత్తదాంట్లో లేకుండా చేసిందా అన్నదే అసలు ప్రశ్న.

శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఉదంతం దీనికి పెద్ద సాక్ష్యం. 2016 సెప్టెంబరులో దాదాపు 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచి, మరో తయారీదారు బ్యాటరీలున్న ఫోన్లు ఇచ్చారు. అక్టోబరు 5న అమెరికాలోని లూయీవిల్‌లో బయల్దేరబోతున్న విమానంలో, అలా మార్చి ఇచ్చిన ఫోనే పొగలు కక్కింది. ప్రయాణికులందరినీ దించేయాల్సి వచ్చింది. వారం తిరక్కుండానే ఆ మోడల్ తయారీ ఆపేశారు. 2017 జనవరిలో దర్యాప్తు ఫలితాలు బయటపెట్టారు. మొదటి రకం బ్యాటరీలో మూల దగ్గర చోటు చాలక ఎలక్ట్రోడు వంగింది. రెండో రకంలో వెల్డింగు దగ్గర మిగిలిన లోహపు మొనలు లోపలి పొరను చీల్చాయి. లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాలను విడదీసేది ఆ పలుచని పొరే. అది చిరిగితే షార్టై, వేడి వేడిని పెంచుకుంటూ పోతుంది. మొదటి లోపం ఏమిటో పూర్తిగా తెలుసుకోకుండానే తొందరపడి మార్చారు, రెండో లోపం జనం చేతుల్లోకి వెళ్లింది.

కంప్యూటర్ విడిభాగాల్లో ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ కంపెనీ హెచ్1 క్యాబినెట్. అందులో గ్రాఫిక్స్ కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్ బోర్డు ఒకటుంటుంది. దాన్ని బిగించే లోహపు మరలకు మరీ దగ్గరగా 12 వోల్టుల రాగి పొర ఉండటంతో, మర దానికి తగిలి షార్టై బోర్డు అంటుకునే ప్రమాదం ఏర్పడింది. 2020 నవంబరులో అమ్మకం ఆపి, కంపెనీ మొదట పంపింది నైలాన్ మరలు. ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి అప్పటికి గండం గడుస్తుంది. కానీ బోర్డు పాతదే, లోపమూ అక్కడే. రేపు ఆ క్యాబినెట్ కొనుక్కున్న మరొకరు ఏమీ తెలియక ఇనుప మర బిగిస్తే? నిపుణులు ఈ మాటే గట్టిగా అడిగారు. 2021 ఫిబ్రవరిలో అధికారిక రీకాల్ వచ్చింది, అమెరికాలో అమ్మిన సుమారు 32,000 క్యాబినెట్లకు రైజర్ బోర్డునే మార్చి ఇచ్చారు. మరలు మార్చడం కాపలా పెట్టడం, బోర్డు మార్చడం కారణాన్ని తీసేయడం. ఈ రెంటినీ కలిపి ‘రిపేరు’ అనడం నాకు నచ్చదు.

ఒకసారి జాబితాలో లేకపోతే ఇక ఎప్పటికీ భయం లేదనుకోవడమూ పొరపాటే. 2016 జూన్‌లో హెచ్‌పీ ల్యాప్‌టాప్ బ్యాటరీల రీకాల్ అప్పుడు ‘మీది బాగానే ఉంది’ అనిపించుకున్నవాటిలో కొన్ని, 2017 జనవరిలో జాబితా పెంచినప్పుడు అందులోకి వచ్చాయి.

మన తెలుగునాట ఈ బాధ ఎలక్ట్రిక్ స్కూటర్ల రూపంలో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ ఆ నెలలోనే 2,000 వాహనాలను వెనక్కి పిలిచింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది. సెల్లుతో పాటు దాన్ని అదుపు చేసే సర్క్యూటు, చార్జరు కూడా వాటి పరిధిలోకి వచ్చాయి.

మీరు ఊరికిచ్చిన ల్యాప్‌టాప్ సంగతి ఇప్పుడే చూడొచ్చు. వీడియో కాల్‌లో దాన్ని తిరగేసి చూపించమంటే అడుగున చిన్న అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో దాన్ని కొట్టి చూడండి, ఏడాదికోసారి మళ్లీ చూడండి. జాబితాలో ఉంటే ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో కంపెనీనే అడగండి. చవగ్గా దొరికిందని ఊరూపేరూ లేని బ్యాటరీ వేయిస్తే రీకాల్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే మాత్రం ఏ జాబితా కోసమూ ఆగొద్దు. చార్జరు తీసేసి, ఆఫ్ చేసి, పరుపుకూ కాగితాలకూ దూరంగా గచ్చు మీద పెట్టి, సర్వీసు సెంటరుకు ఫోన్ చేయమనండి.