మూకుడు మూసిన కుండలో గుడాలు

కొండగట్టు అంజన్న కొలువైన జగిత్యాల ప్రాంతం 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనిదే. అక్కడ ఉడికించిన బొబ్బర్లు, శనగలను గుడాలంటారు. కుక్కర్లు రాకముందు వాటికి మట్టికుండే దిక్కు. మట్టి నిదానంగా చల్లారుతుంది, మూకుడు ఆవిరిని ఆపుతుంది. అందుకే పొయ్యి ఆర్పాక కూడా గింజ ఉడుకుతూనే ఉంటుంది.

కొత్త కుండ కొన్నారా? రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, మర్నాడు అందులో గంజి కాచి పారబోయండి. బొబ్బర్లు ముందురోజే నానేయండి.

"ఎంతసేపైనా గింజ గట్టిగానే ఉంది వదినా!" అంటారా? చింతపులుసు ముందే పోసి ఉంటారు. పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. ఉడికాకే పోయండి.

రాజ్మాను మాత్రం మొదటి నుంచీ సన్నసెగకు వదలకండి. నానిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో 10 నిమిషాలైనా కళపెళా మరగనిచ్చాకే సెగ తగ్గించండి. లేకుంటే అందులోని విషపదార్థం పోక వాంతులవుతాయి. పిల్లలున్న ఇల్లు, మరువకండి!